దవుడ బొక్క

నల్లబల్ల మీద డాల్ఫిన్‌ను గీసిన.
కొర్రమట్ట లెక్క వచ్చింది.
తొమ్మిదో తరగతి మొత్తం నవ్వింది,
నేనూ నవ్విన.
దేవరకొండ కాడ పుట్టినోన్ని,
సముద్రం ఎట్లుంటదో నాకేమెరుక?
ఒక్కసారి బాపట్ల పోయిన, ఎవరిదో పెండ్లికి.
చీకట్ల చప్పుడు విన్న గానీ, చూడలే.

అయినా పాఠం చెప్పాలె గదా.

"నీళ్లు మసకైనా, నడిరాత్రైనా దానికి పట్టదు.
ముక్కు కాడ టక్కుమంటది.
నుదుటి కొవ్వు ఆ టక్కును సన్నగ కూర్చి
ముందుకు తోలుతది.
తగిలింది తిరిగొస్తది.
ఆలస్యమైతే దూరం, జల్ది వస్తే దగ్గర.
బత్తాయి పండంత ఉక్కుగుండును
నూరు గజాల అవతల వేలాడదీసినా
కండ్లకు గంత కట్టుకొని పసిగడ్తది.
దగ్గరికి పోయినకొద్దీ
టక్కు, టక్కు, టకటకటక
కడకు ఒక్కటే జుమ్ముమనుడు, జోరీగ లెక్క."

"మరి చెవులేవి సార్?" అన్నడు లింగస్వామి.

"చెవులు లోపల్నే ఉంటయి.
కింది దవుడ బొక్కల కొవ్వు నిండి ఉంటది.
తిరిగొచ్చిన చప్పుడు అండ్లకెల్లి నడిచి
చెవి దాక పోతది."

ఎవరూ నమ్మలే.
ఆఖరి వరుసల ఓర్సు మణెమ్మ లేచింది,
ఏడాదంతా నోరిప్పని పిల్ల.
"మా తాత గంతే సార్.
దవుడతోనే ఇంటడు."

ఆదివారం సైకిలేసుకొని పోయిన.
తిర్పతయ్య, బాయిలు తవ్వినోడు.
నలభై ఏండ్లు బండల తూటాలు పెట్టి పేల్చిండు.
ఎన్ని బాయిలంటే లెక్క చెప్పలేడు,
చెవులు రెండే గనుక ఆ లెక్క తెలుసు.
మనిషి మాట్లాడితే పెదవులు చూస్తడు.
బండ మాట్లాడాల్నంటే
గడ్డపార మొన బండకు ఆనిచ్చి
రెండో కొస దవుడ కింద పెట్టుకొని
మనవరాలికి సైగ చేస్తడు.
పదడుగుల అవతల
మణెమ్మ సుత్తెతో ఒక్కటేస్తది.
ఆయన కండ్లు మూసుకుంటడు.

"గట్టిది."
"ఇంకింత ఎడమకు."
"ఆఁ."
ఆ ముఖం కింద
ఏదో ఈదుకుంట పోయినట్టయింది.

మా దిక్కు బొక్క అంటే ఎముక.
సముద్రం దిక్కోళ్లకు బొక్క అంటే రంధ్రం.
పెండ్లి పంక్తిల ఈ మాటకే నన్ను నవ్విండ్రు,
అన్నంల బొక్క వచ్చిందంటే
ఇస్తరాకు తిప్పి చూసిండ్రు.
ఇప్పుడు తెలుస్తున్నది, ఇద్దరిదీ నిజమే:
ఎముకల ఇంత ఖాళీ ఉంటేనే
దూరం నుంచి వచ్చినోడు కూసునేది.

ఆ బాయి ఎండి పదేండ్లు.
చుట్టూ బోరు బండ్లు
ఏడు వందల అడుగుల కెల్లి దుమ్ము కక్కుతున్నయి.
పిలిచేటోడు లేడు, కూలి లేదు,
ఊకెనే వచ్చి వింటడట.

"ఏం వినొస్తది తాతా?" పెదవులు కదిలించిన.

"నీళ్లు నడిస్తె బండకు తెలుస్తది సారూ.
బండ నాకు చెప్తది.
ఇప్పుడైతే ఏం చెప్తలేదు.
ఎటు పోయినయో అడుగుతున్న."

గడ్డపార నా చేతికిచ్చిండు.
మణెమ్మ కొట్టింది.
నా పండ్లు నాకు వినొచ్చినయి,
పొద్దుగాల తాగిన చాయ కడుపుల కదిలింది,
అంతే.
ముసలాయన వేలు పైకెత్తిండు: మల్లొక్కటి.
సుత్తె దెబ్బ లోపలికి పోయింది,
పోయింది,
ఇనుము చల్లగ దవుడకు అతుక్కున్నది.

పెద్ద పరీక్షల రెండు మార్కుల ప్రశ్న:
"పంపిన ధ్వని తిరిగి రాకపోతే
డాల్ఫిన్ ఏమని గ్రహిస్తుంది?"
గైడుల జవాబు: ఎదురుగా వస్తువు లేదని.
మణెమ్మ వంకర అక్షరాలతో రాసింది:
"ఇంకింత దూరమున్నదని."

రాత్రి కరెంటు పోయింది.
ఎర్ర పెన్ను దవుడకు ఆనిచ్చుకొని
చాన సేపు కూసున్న.