మాట పుట్టే చోటు

డాక్టరమ్మ చీటీ పంపింది.
ఆకుపచ్చ సిరా, కింద ఆసుపత్రి ముద్ర.
"మనసు బాగోలేనివాళ్ళకి ఈ తొమ్మిది పుస్తకాలు ఇవ్వండి గూడ్నీ,
మాత్రలిచ్చినట్టే,
తిరిగివ్వాల్సిన తేదీతో సహా."

నాది పుస్తకాల పడవ. నార్వే ఉత్తరపు అంచున
దీవి నుంచి దీవికి తిరుగుతుంది.
నవంబరు చివర్లో సూర్యుడు చెప్పి మరీ వెళ్ళిపోతాడు.
ఇక ఆరు వారాలు పొద్దు పొడవదు.
మధ్యాహ్నం పూట కాసేపు నీలం,
కడిగిన సిరాబుడ్డిలో మిగిలేపాటి నీలం,
అంతే.

నిద్ర గురించిన పుస్తకం బోర్గిల్డ్ తీసుకుంది.
నలభై పేజీలకే నిద్రపట్టిందట.
"మంచి పుస్తకం, ఎవరికైనా ఇవ్వండి.
నలభై ఒకటో పేజీలో ఏముందో మాత్రం నన్నడక్కండి."

దుఃఖం మీది పుస్తకం హల్వర్‌కి ఇచ్చాను.
నోట్లో నువ్వుగింజ నానని మనిషి,
తమ్ముడు మునిగిన చోటు దాకా వచ్చి
గాలి ఎటు తిరిగిందో మాట్లాడతాడు.
పుస్తకం తిరిగొచ్చింది, అంచున పెన్సిలు రాతతో:
"దుఃఖానికి మెట్లుంటాయంటాడు ఈయన.
మా పడవకి ఉన్నది ఒకటే నిచ్చెన,
అది నీళ్ళలోకే దిగుతుంది."
గ్రంథాలయం పుస్తకంలో రాయడం తప్పు.
రబ్బరు తీశాను.
మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

మెదడు బొమ్మల పుస్తకం ఎవరూ అడగలేదు.
తొమ్మిదింటిలో అదే బరువు.
అల ఎక్కువైనప్పుడు
టీ కెటిల్ దొర్లకుండా అడ్డం పెట్టేదాన్ని.

ఫిబ్రవరిలో కాడ్ చేపలొచ్చాయి, వెనకే వెలుతురు.
రేవులో పిల్లలు వరసగా నిలబడి
చేప తలల్ని ఇనుప మేకుకి గుచ్చి
నాలుకలు కోస్తారు.
ఇక్కడ అది పిల్లల పని, డబ్బూ వాళ్ళదే.
అందరికన్నా ఎల్డ్రిడ్ చెయ్యి వేగం. పన్నెండేళ్ళు.
నిరుడు వాళ్ళమ్మని దక్షిణాన ఆసుపత్రిలో చేర్చినప్పట్నుంచి
ఆ పిల్ల మాట్లాడదు.
బకెట్ నిండా నాలుకలు, నోరు మాత్రం మూతబడే.
ఈ పోలిక తోచినందుకు సిగ్గుపడ్డాను.
ఊరు అప్పటికే అనేసింది కూడా.

ఆ రోజు నన్ను చూసి, ఒక తలని నిలువునా చీల్చింది.
కత్తి మొనతో చూపించింది:
బఠాణీ గింజంత, తెల్లగా, చేప మెదడు.
తర్వాత కత్తి ఎత్తి ఉత్తరపు సముద్రం చూపించింది,
మళ్ళీ కాళ్ళకింది రేవు.
ఇంత గింజకి దారెలా తెలిసింది?
తొమ్మిది పుస్తకాలూ మనసులోనే తిరగేశాను.
చివరికి కెటిల్ ఎత్తి
ఆ బరువైన పుస్తకం చేతిలో పెట్టాను.

మూడు వారాలకి తెచ్చిచ్చింది.
పేజీల మధ్య పొలుసులు, ఉప్పు వాసన.
యాభై ఎనిమిదో పేజీలో మెదడు ఎడమ సగం,
నాణెమంత చోట గీసిన వలయం, పక్కన అచ్చక్షరాల్లో
"మాట ఇక్కడ పుడుతుంది."
ఆ వలయంలో ఎల్డ్రిడ్ చిన్న కొట్టు గీసింది,
వేసవిలో ఐస్‌క్రీమ్ అమ్ముతారే, అలాంటిది.
తలుపులు మూసి, మీద బోర్డు:
"చలికాలం మూసి ఉంటుంది.
మళ్ళీ తెరిచే రోజు"
ఆ తర్వాత ఖాళీ.

తేదీల ముద్ర నా చేతిలోనే ఉంది.
సిరా కూడా తడిగానే ఉంది.
పుస్తకం మూసి, ముద్ర వెయ్యకుండానే
తిరిగి ఆమెకే ఇచ్చాను.
డాక్టరమ్మకి ఏం రాయాలో ఇంకా తెలీదు.

గట్టుమీంచి ఎల్డ్రిడ్
కత్తి పిడితో పడవ అంచున రెండుసార్లు కొట్టింది.
"అలాగే" అన్నాను గట్టిగా.
దేనికో మరి.