చెవులు కనబడాలి

మూడు లాంతర్ల దగ్గర మా స్టూడియోలో
రోజూ నేననే మాటలు ఇవే:
నవ్వకండి. కళ్ళజోడు తియ్యండి.
చెవులు కనబడాలి.

ఇవాళ ఆదివారం.
రింగు రోడ్డు పక్క కల్యాణమండపంలో
నిన్నటి పెళ్ళి బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి,
ఎవరి చెవులూ కనబడవు.
కొమ్ములున్నాయి, గులాబీ రంగు సవరాలున్నాయి,
మోటారుసైకిలు చక్రంలో పడకుండా
తోకని చంకలో పెట్టుకొచ్చినవాడున్నాడు.

"ఏ వేషం బాబూ ఇది?" అంటే
ఏదో జపాను పేరు చెప్పేడు.
నాకు నోరు తిరగలేదు.
రెండోసారి అడిగితే చిన్నబుచ్చుకున్నాడు.
మూడోసారి అడగలేదు, క్లిక్కుమనిపించేను.

జనం.
ఒకరి రెక్క ఇంకొకరి కిరీటాన్ని గీరుతుంది.
ఒక్క రాక్షసుణ్ణి ఫ్రేములో పెడదామంటే
వెనకనించి సమోసాల పళ్ళెం దూరుతుంది,
ఎదర వంద ఫోన్లు లేస్తాయి
ట్యాంకరొచ్చినప్పుడు బిందెల్లాగ.
నేను నేలమీద మోకాళ్ళేస్తాను.
కిందనించి తీస్తే
నాలుగడుగుల పదంగుళాల గుంట కూడా
ఆకాశాన్ని మోస్తున్నట్టుంటుంది.

ఆ గుంట పేరు హిమవర్షిణి.
నెల్లిమర్లనించి ఆటోలో వచ్చింది.
భుజాలమీద వెండి కవచం,
దగ్గరికెళ్తే గోనెపట్టా,
దానిమీద తలుపుల రంగు మూడు పూతలు.
"మా నాన్న మిల్లులో ఉన్నప్పటి పట్టండి,
అమ్మకుండా దాచేడు.
ఫొటోలో బాగొస్తాదేటండి?"
లెన్సుకి అది గోనె అని తెలీదు.
ముక్కుకి తెలుస్తోంది.

వాళ్ళమ్మ నోట్లో నాలుగు పిన్నీసులు పెట్టుకుని
చుట్టూ తిరుగుతోంది.
"నన్నొగ్గీమ్మా, నన్ను తియ్యకు,"
పిన్నీసుల సందులోంచే.

మా నాన్న పులివేషగాళ్ళని తీసేవాడు,
జాతరయ్యేక, రంగు కడుక్కునే ముందు.
గుమ్మంలో పసుప్పచ్చటి అడుగులు
నెలరోజులు పోయేవి కావు.
డబ్బుల్లేవు బాబూ అని
ఒక గెంతు గెంతి వెళ్ళిపోయేవారు.
అమ్మ తిట్టేది.
నాన్న ఖాతాపుస్తకంలో రాసుకునేవాడు:
పులి, ఒక గెంతు, ముట్టింది.

రెండింటికి కరెంటు పోయింది.
ఏసీలు ఆగేయి. దేవతలూ భూతాలూ
ఒకే ఆవిరిలో ఉడుకుతున్నారు.
మెట్లకింద ఏడడుగుల పీత ఒకటి
రెండు డెక్కలతోనూ నీళ్ళసీసా మూత తియ్యలేక
అవస్థ పడుతోంది.
నేను తీసిచ్చేను.
ఒక డెక్క ఊడదీసి పక్కన పెట్టి, తల పైకెత్తేడు.
ఎడమ చెవి తమ్మె చీలి ఉంది.

ఆ చెవి నాకు తెలుసు.
కిందటి బుధవారం నా స్టూలుమీద కూచుంది.
ముద్దాడ త్రినాథ, ఎనిమిది కాపీలు,
కానిస్టేబులు అప్లికేషనుకి.
తలెత్తు, ఇటు చూడు అని ఆరుసార్లన్నా
చెప్పులకేసే చూసేడు.

"మా ఇంట్లో చెప్పకండి మేడం."
"మీ ఇల్లెక్కడో నాకేం తెలుసు?"
నవ్వేడు. పళ్ళన్నీ కనబడ్డాయి.
కెమెరా నా మెళ్ళోనే ఉంది.
తియ్యలేదు.

కరెంటొచ్చింది. తల దించుకుని పీతైపోయి
జనంలోకి అడ్డంగా నడిచేడు.
పిల్లలు కేకలేస్తూ దారిచ్చేరు.
అప్పుడు తీసేను, పధ్నాలుగు.
అన్నిట్లోనూ తిన్నగా నాకేసే చూస్తున్నాడు.

రాత్రి షట్టరు సగం దించి
కార్డులోవి కంప్యూటర్లోకెక్కిస్తుంటే ఫోను.
నంబరు మా కవరుమీదే చూసేడట.
"మేడం, డెక్కొకటి పోయింది.
మళ్ళీ చెయ్యాలంటే రెండు నెలలు.
ఎవరి ఫొటోలోనైనా పడిందేమో
కాస్త సూడరా?"

ఆరువందల నలభై ఫొటోలు.
సగం సమోసాలు.
ఒక్కోటీ పెద్దది చేసి మూలలు వెతుకుతున్నాను.
మూడువందల పన్నెండోదాంట్లో
వెండి కవచం వెనక, మసకగా, గోడవార,
ఒళ్ళో ఎర్రటి డెక్క పెట్టుకుని
ఊడిన కుట్టుకి పిన్నీసు గుచ్చుతోంది
నన్ను తియ్యకన్నావిడ.