వచ్చు

తెల్లారి ఐదున్నర. పరగడుపు.
అలిపిరి బస్సులు ఇంకా గొంతు సవరించుకుంటుంటే
అరవై నాలుగు మంది నా ముందు చేతులు చాపారు.
చెంగల్రాయుడు, రిటైరైన డ్రైవరు,
రబ్బరు పట్టీ బిగించిన ప్రతిసారీ అడిగేవాడు:
"ఏమ్మే, నాది అసలు పొడా, ఉత్తుత్తి పొడా?"
నాకూ తెలీదు నాయనా.
తెలీకుండా ఉండడానికే నాకు జీతం.

గోరుచిక్కుడు గింజలోంచి తీసిన పీచు.
మా పుత్తూరు వైపు మటిక్కాయ అంటాం,
సంగటిలోకి తాలింపు పెట్టుకుని
ఏ పొట్లమూ లేకుండానే తినేశాం ఇన్నాళ్లూ.
ఇక్కడ రెండు రకాల పొట్లాలు,
గ్లాసులో కలిపితే రెండూ ఒకటే గంజి.

కడుపులో అది చేసేది పెద్ద ఘనకార్యమేం కాదు.
పైత్యరసాన్ని జిగురుతో పట్టుకుని
తనతో పాటు బయటికి నడిపిస్తుంది.
కాలేయం మళ్లీ పైత్యం కాచుకోవాలి,
సరుకు కోసం నెత్తురులో కొలెస్ట్రాల్ డబ్బా మూత తీస్తుంది.
అంతే.
ఇందులో మంటా లేదు, కరగడమూ లేదు.

నలుగురు మధ్యలో మానేశారు.
ఒకామె కడుపుబ్బరమని,
ఒకాయన మొక్కుబడి ఉపాసమని,
ఇద్దరు ఫోనెత్తలేదు.
వాళ్లనీ లెక్కలో ఉంచాం.
మానేసినవాళ్లను చెరిపేస్తే
ఏ పొడైనా పనిచేస్తుంది.

పన్నెండు వారాలకు లెక్క తేలింది:
ఉత్తుత్తి పొడి కన్నా పదకొండు ఎక్కువ తగ్గింది,
అటూ ఇటూ తొమ్మిది.
అంటే రెండే కావచ్చు, సున్నా గడప పక్కనే.
నడుం కొలతలో తేడా లేదు.
టేపు పట్టింది నేనే.

కంపెనీ కుర్రాడు అట్టపెట్టె నమూనా తెచ్చాడు.
"కొవ్వును కరిగించును", బంగారు అక్షరాలు.
ఇందిరాక్షి డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో కొట్టేసి
"చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గవచ్చు" అని రాసింది.
"ఆ 'వచ్చు' తీసేద్దాం మేడం, చోటు చాలదు."
"బంగారం తగ్గించండి" అంది.

ఈత వచ్చు అంటే తెలుసని.
వాన రావచ్చు అంటే తెలియదని.
ఒకే మాట.
రెండు వందల పైచిలుకు గొట్టాల నెత్తురు పోసి
మేం కొనుక్కున్నది ఆ ఒక్క మాట.

చెంగల్రాయుడికి చివర్న చెప్పాం, ఉత్తుత్తిదని.
కాసేపు చొక్కా చేతులు సర్దుకున్నాడు.
"మరి నాకు పద్నాలుగు దిగింది కదమ్మే?"
దిగింది నాయనా.
ఎందుకో మా కాగితంలో లేదు.
కొర్లగుంట నుంచి నడిచొచ్చేవాడు ప్రతిసారీ.
అది మేం కొలవలేదు.