ఏ మూలట?

పొందూరులో మా గుమ్మం ముందు ఆటో దిగి
ఆ ముసలాయన మొదట అడిగింది ధర కాదు,
"ఇందులో అవిసెనార ఏమీ కలవదు కదా?"
గొర్రె ఉన్ని, అవిసె
ఒకే బట్టలో కూడకూడదట వాళ్లకి.
కొచ్చి యూదుడు. పేరు ఎలియావు.
విశాఖ పోర్టులో లెక్కలు రాసి రిటైరయ్యాడు.
ప్రార్థనకి కప్పుకునే శాలువా కావాలన్నాడు.
దాని పేరు తల్లీత్ అన్నాడు.
అసిరమ్మకి మొదటి సగమే వినపడింది.

కొండపత్తి దువ్వుతున్న ఆమె చేతిలో
వాలుగ చేప దవడ చూసి నవ్వాడు:
"పొలుసు లేని చేప మేం తినం.
దువ్వెనగా అయితే పరవాలేదు."

నాలుగు మూలలూ మూలల్లాగే ఉండాలి,
గుండ్రం చేయొద్దు. అంచుల దగ్గర నీలం చార.
కుచ్చుల దారం మాత్రం తనే తెచ్చుకున్నాడు,
వడికేటప్పుడే ఇందుకోసమని తలచుకుని వడికిందట.
"నా నూలుకేటొచ్చిందట?" అని అసిరమ్మ
రెండు రోజులు రాట్నంతో మాట్లాడలేదు.

బట్ట కోసిన రోజు మా అరుగు మీదే కూర్చుని కట్టాడు.
మూలకో కన్నం. నాలుగు పోగులు మడిస్తే ఎనిమిది.
ఏడు చుట్లు, ముడి. ఎనిమిది, ముడి.
పదకొండు. పదమూడు.
నేను పక్కనుంచి లెక్కపెడుతూనే ఉన్నాను,
పోగు తప్పితే నిద్రపట్టని జాతి మాది.
ఒకచోట పదకొండుకి పదే వేశాడు.
దగ్గాను.
విప్పి మళ్లీ చుట్టాడు.

"పొద్దున్న ఎప్పుడు కప్పుకుంటారు బాబూ?"
"నీలం పోగేదో తెల్లపోగేదో
కంటికి ఆనినప్పుడు."
నేను మగ్గం గుంటలోకి దిగేదీ అప్పుడేనన్నాను.
శాలువా తల మీదుగా లాక్కున్నాడు.
కాసేపు ముఖం లేదు.
గంజి వాసన లోపల
పెదాల చప్పుడు.

మొన్న కూతురు ఫోన్ చేసింది.
అందులోనే చుట్టి మట్టిలో పెట్టారట.
పెట్టేముందు ఒక మూల కుచ్చు కత్తిరించారట.
చేయాల్సినవి గుర్తుచేసే ముడులు కదా,
పోయినవాడికి ఇంక చేయాల్సిందేముంది, అంది.

మేం బట్ట కోసినా
పాత పడుగు కొసలు అచ్చులోనే ఉంచుతాం,
కొత్త పడుగుని పోగు పోగూ వాటికే అతుకుతాం.
మా నాన్న వేసిన ముడికి నా ముడి,
ఎక్కడో, ఇంకా.

"ఏ మూలట?" అంది అసిరమ్మ.
అడగడం మర్చిపోయాను.
చీకటి పడింది, పోగు ఆనడం లేదు.
కాళ్లు గుంటలోనే ఉన్నాయి.