ఇంటిపేరు ముందు

ఈసారి అనంతపురానికి వానలు ఆలస్యంగా వచ్చాయి.
నుసుములు మాత్రం వేళకే వచ్చాయి.

పశురోగ లాబులో నా పని రిజిస్టరు రాయడం.
ఐస్ పెట్టెలోంచి తీసిన గొట్టానికి
నంబరు, తేదీ, ఊరు, అనుమానం.
అనుమానం గడిలో ఈ నెలంతా ఒకటే మాట.

దాసరిదొడ్డి నుంచి కురుబ ఎర్రిస్వామి వచ్చాడు,
భుజాన కంబళి, పిడికిట్లో నలిగిన బస్సు టికెట్టు.
"నూటా పదకొండు" అన్నాను గొట్టం చూపించి.
"కాదు మ్మా, అది సెవిసుక్కది.
దాని తల్లి బొల్లి. బొల్లి తల్లి కర్రిమూతిది.
కర్రిమూతిది రాయదుర్గం సంతలో పట్టుకొచ్చిన జీవం."
మూడు తరాలు ఒక్క ఊపిరిలో చెప్పి
నా పెన్ను కదల్లేదని చూసి ఆగిపోయాడు.
రిజిస్టరులో తల్లికి గడి లేదు.

"ఏం రోగమో రాసినారా?"
గోడ మీద సారు అంటించిన కాగితం చూశాను.
ఆర్బివైరస్ సెరులింగ్వే.
ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు,
అచ్చం మన మాదిరే.
ఇంటిపేరుకు పెద్దక్షరం, సొంత పేరుకు చిన్నది,
రెండూ ఎదురుగాలిలో నడిచే మనిషిలా వాలి ఉండాలట.
మనకు పెద్దక్షరం యాడిది?
నేను నిటారుగానే రాసుకుంటాను.

ఆర్బి అంటే ఉంగరం.
దాని ఒంటి మీద ఉంగరాలు కనిపించాయట ఎవరికో.
పైనున్న కుటుంబం పేరు మధ్యలో రియో అని ఇరుక్కుని ఉంది,
అందులో చివరి ఓ అంటే అనాథ.
మొదట దొరికినవాటికి ఏ రోగమూ అంటగట్టలేక
అట్లా పిలిచారట.
రోగమే అమ్మా నాయనా అయినట్టు.

ఇవన్నీ ఎర్రిస్వామికి చెప్పలేదు.
"లోపల రెండు పేటల దారం, పది ముక్కలు" అన్నాను.
"కంబళికి సాలదే" అన్నాడు.
కాసేపాగి, "బతికిందేనా అది?"
"ఒంట్లో ఉంటే బతికినట్టు. బయటుంటే తెలీదు."
"మా జీవాల్ని తినేదానికి
జీవముందో లేదో తెలీదంటావు!"

లేచి గడప దాకా పోయి, తిరిగొచ్చి
అసలు మాట అప్పుడు బయటపెట్టాడు.
చుట్టుపక్కల దీన్ని దాసరిదొడ్డి రోగం అంటున్నారు.
సంతలో వాళ్ళ మందను తాకేవాడు లేడు,
తొట్టికాడ నీళ్ళు తాగనీరు.
"మందు నిదానంగా ఇద్దురు,
ముందు ఆ పేరు తీసెయ్యండి."

రోగాలకు ఊళ్ళ పేర్లు పెట్టొద్దని
ఎక్కడో పెద్దలు కూర్చుని రాసుకున్నారు.
ఆ కాగితం తొట్టికాడికి రాలేదు.
కాబట్టి గోడ మీది పేరే విడదీసి చెప్పాను:
సెరు అంటే నీలం, లింగ్వే అంటే నాలిక.
నవ్వాడు, పొద్దుట్నుంచి మొదటిసారి.
"నీలినాలికే గదా! మా అవ్వ అనింది అదే.
దీనికి అంత దూరం పోయొచ్చినారా?"

ఆ మాటే తెల్లకాగితం మీద రాసి
కింద ముద్ర కొట్టి ఇచ్చాను, సంతలో చూపించమని.
సారును అడగలేదు.
మా రిజిస్టరులో మాత్రం ఊరు గడి నింపక తప్పలేదు.

పన్నెండో రోజు పై లాబు నుంచి ఫలితం వచ్చింది.
రకం రెండు.
రకాలకు పేర్లుండవు, అంకెలే.
ఫోన్ చేశాను.
"సెవిసుక్కది పోయింది మ్మా.
పిల్లకింకా పేరు పెట్టల్యా.
నాలిక ఎర్రగానే ఉంది."