సేకరించినవారు

కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతారు గానీ
ఇక్కడ ఈ కొండే తవ్వగా వచ్చింది.
ప్షీబ్రామ్ ఊరి వెనక బూడిదరంగు గుట్ట.
కిలోమీటరు లోతున చీకట్లో ఉండాల్సిన రాయి
పైకొచ్చి, వానకు తడిసి,
ఒంటినిండా బిర్చి మొక్కలు మొలిపించుకుంది.

మాకు ఎలుక కూడా పెద్దదే.
ఒతకర్, నేనూ వెతికేది నువ్వుగింజలో సగం.

మార్చి నెల. మంచు కరిగి గుట్ట జారే కాలం.
కొత్తగా విరిగిన అంచు తడితడిగా ఉంటుంది,
తడి రాయి రంగు దాచుకోలేదు.
ఒతకర్ చేతిలో పాత మీటరు మిడతలా కిటకిటమంటుంది,
పసుపు పూత దగ్గరికెళితే ఆ కిటకిట దట్టమవుతుంది.
"ఇది నీ వంటింట్లోకి రాకూడదు, ద్రహుష్కా."
తెలుసు. అలాంటివి షెడ్డులో, ఇనప్పెట్టెలో.
ముట్టుకున్న చేత్తో రొట్టె తినను.

ముప్పై ఒక్కేళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేశాను.
రిటైరైన రోజు పూలగుత్తి ఇచ్చారు,
అరిగిపోయిన కొక్కేలు నాలుగు నేనే అడిగి తెచ్చుకున్నాను.
వాటితోనే ఇప్పుడు రాతి సందుల్లో బంకమట్టి గీకుతాను,
నొప్పి పుడుతుందేమోనని ఇంకా ఆగి ఆగి.
నోరు తెరుచుకునే ఉంటుంది రాయి,
ఇంత మంచి పేషెంటును నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి పదకొండు దాటాకే ఫోటోలు.
లారీలు ఆగాలి, పైవాటా వాళ్ళు నడవడం మానాలి.
పెరుగు డబ్బా కోసి దీపానికి తొడుగుతాను,
వెలుగు మెత్తబడుతుంది.
మర తిప్పితే కెమెరా వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది.
ఊపిరి బిగబట్టి ఒకటి. మళ్ళీ మర. మళ్ళీ ఊపిరి.
నలభై మూడు ఫోటోలు,
ఏ ఒక్కదానిలోనూ రాయి పూర్తిగా లేదు.
ఒకదాంట్లో కాల్సైటు కొస, ఒకదాంట్లో దాని నడుము,
మిగతాదంతా పొగ.
స్పష్టంగా ఉన్నవి ఏరి కంప్యూటరు కుట్టుకుంటూ పోతే
తెల్లారుజామున ఒక గుహ తెరుచుకుంటుంది.
ఏ కన్నూ ఒక్క చూపులో చూడలేని గుహ.
గోరంతలు కొండంతలు చేస్తావని
మా అక్క జ్దెన్కా దెప్పుతుంది.
ఔను, అచ్చంగా అదే నా పని.

ఆ గుహలో మొన్న ఒక పోగు.
ఖనిజమేమో అనుకున్నాను, జుట్టులా పెరిగేవీ ఉంటాయిగా.
పెద్దది చేస్తే మెలికలు, పొలుసులు.
ఉన్ని. బూడిదరంగు ఉన్ని.
నా స్వెట్టరు నీలం.

ఒతకర్‌కు చూపించాను.
చాలాసేపు చూశాడు.
యాభైలలో ఈ షాఫ్టులోకి దిగినవాళ్ళు
అందరూ ఇష్టపడి దిగలేదు,
వాళ్ళ చిన్నాన్న వ్రతిస్లావ్ మూడేళ్ళు దిగాడు,
పైకొచ్చాక ఇంట్లో రాయి అనే మాట అననివ్వలేదు.
"నా గ్లవుజుదే అయ్యుంటుంది," అన్నాడు ఒతకర్.
అతని గ్లవుజులు తోలువి.
ఇద్దరం టీ తాగాం.

ఫోటోలో దుమ్మూ నూగూ తుడిచేయడం మా ఆచారం.
ఈ ఒక్కదాన్నీ తుడవలేదు.

ఆ తర్వాత చీటీ రాయాలి.
చీటీ లేని రాయి ఊరూపేరూ లేని బిడ్డ.
ఖనిజం: కాల్సైటు. చోటు: తూర్పు వాలు, కింది మెట్టు.
తేదీ వేశాను.
సేకరించినవారు,
అక్కడికొచ్చి పెన్ను ఆగింది.
పైకి తెచ్చింది నేను కాదు.
నేను వంగానంతే.

గుట్టకు అటువైపు క్రషరు దిగింది,
రోజుకు ఇంత అని రోడ్డు కంకర చేస్తోంది.
ఆదివారం దానికి సెలవట.
పొద్దున్నే వస్తానన్నాడు ఒతకర్, ఫ్లాస్కు నన్నే తెమ్మన్నాడు.
చీటీ బల్లమీదే ఉంది,
ఆ గీత ఖాళీగానే.