డెబ్బై రెండు కేజీలు

టెక్కలి కాలేజీ గ్రౌండులో
బెల్లం దిమ్మలు తూచే కాటా మీద
నన్ను నిలబెట్టినారు.
మనిషి డెబ్బై రెండు. రంపం ఏడున్నర.
పెట్రోలు డబ్బా వేరేగా.
"అన్నం మూట తగ్గించండి" అన్నాడు తెల్లచొక్కా ఆయన.
ఎండయ్య మూట విప్పి
ఉల్లిపాయలు మాత్రం జేబులో వేసుకున్నాడు.

సరుగుడు తోటల్లో కోత మాది.
కవిటి నుంచి భావనపాడు దాకా
ఇసకలో నిలబడి కోసినోళ్ళం.
కొండ మీద మాను ఎటు దొర్లుతాదో నాకేటి తెలుసు?
తుపాను పోయి మూడ్రోజులు.
మందస కొండల రోడ్డు మీద నాలుగొందల చెట్లట,
కింద నుంచి కోసుకుంటా పోతే చాలదట,
పై నుంచి కూడా కోసుకు రావాలని
ఆరుగుర్ని గాల్లోకి ఎత్తినారు.

ఎత్తినప్పుడు కళ్ళు మూసుకున్నాను.
తెరిస్తే
పలాస జీడితోటలు ఒక్క పక్కకే దువ్వినట్టు పడుకుని ఉన్నాయి.
మహేంద్రతనయ మట్టిగుడ్డ,
ఎవరో సగం పిండి వదిలేసినట్టు.
ఎండయ్య నా చెవిలో ఏదో అరిచినాడు.
దిగినాక అడిగితే
"మా గేదె తాడు విప్పినానో లేదో అన్నాను" అన్నాడు.

నిలబడ్డ చెట్టుకి మర్యాద తెలుసు.
ముందర నోరు కోసి, వెనకాల గాటు పెట్టి,
నడుమ రెండు వేళ్ళ మందం కీలు వదిలితే
తలుపు మూసినట్టు పడతాది.
పడిపోయిన చెట్టుకే పగ.
లోపల విల్లులా బిగుసుకుని ఉంటాది.
మా చిన్నబావ తవిటయ్య దవడ
అలాంటి మానే తీసుకుపోయింది.
అందుకే ముందు చేత్తో తట్టి చూస్తాను,
ఎక్కడ గట్టిగా పలుకుతాదో
అక్కడ నిలబడను.

రెండోనాడు వైర్లెస్సులో మాట:
బియ్యం తెస్తాం, దిగడానికి చోటు చెయ్యండి.
ఆ గూడెంలో చదునంటే బడి ముందరే.
బడి ముందర ఒక్క చెట్టు నిలబడి ఉంది.
జీలుగు.
తుపానుకి వంగి, మళ్ళీ లేచినది.

సవర జమ్మయ్య దాని మొదట్లో కూచుని ఉన్నాడు.
"పన్నెండేళ్ళకి ఈ యేడే తొలి గెల"
అన్నాడు, తెలుగులో, నా కోసం.
కల్లుకుండ కొని ఉంచుకున్నాడు. చూపించినాడు.
ఇంకా మసెక్కని కుండ.
నేనేమీ అనలేదు.
"బియ్యమా?" అన్నాడు.
"బియ్యమే" అన్నాను.
లేచి, మానుని అరచేత్తో రెండు దెబ్బలేసి,
దానితో తన భాషలో ఏదో చెప్పి,
కుండ పట్టుకుని ఇంట్లోకి పోయినాడు.

బడి రేకులకి తగలకుండా,
పందుల దొడ్డి మీద వాలకుండా,
ఇరవయ్యేళ్ళ పనితనమంతా పెట్టి దించినాను.
అంత చక్కగా ఏ చెట్టునీ పడెయ్యలేదు ఎప్పుడూ.
ఎండయ్య "శెభాష్" అనబోయి ఆగిపోయినాడు.
మొద్దులో వలయాలు లేవు.
జీలుగుకి ఉండవు. వయసు లెక్కకి అందదు.
తడి నార, లోపల తెల్లటి గుజ్జు.
ఒక ముసలామె వచ్చి
ఆ గుజ్జు గంపలోకి గీరుకుంటా కూచుంది.

ఆ రోజు మబ్బు.
మర్నాడూ మబ్బే.
నాలుగోనాడు కింద నుంచి రంపాల మోత వినపడింది,
మధ్యాన్నానికి బియ్యం ట్రాక్టరు మీద వచ్చింది.
పొద్దు వాలుతుంటే వచ్చింది హెలికాప్టరు.
మేం చేసిన చోటు చుట్టూ రెండుసార్లు తిరిగి,
గుడిసెల మీద గడ్డి లేపి,
దిగకుండా పోయింది.
జమ్మయ్య గుమ్మంలోంచి చూస్తున్నాడు.
పైకి కాదు.

నడిచే దిగినాం, కోసిన మానుల మధ్య నుంచి.
అవన్నీ గాలి పడేసినవి,
మేం పక్కకి జరిపినవి.
నేను కొట్టింది అదొక్కటే.
కింద మమ్మల్నెవరూ తూచలేదు.

"పై నుంచి ఎలాగుంటాది?" అనడిగింది దాలమ్మ.
"అన్నీ ఒకే పక్కకి" అన్నాను.
రంపం గొలుసు పళ్ళలో నార ఇరుక్కుంది.
గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది.
దీపం కాడ కూచుని లాగుతున్నాను,
ఎండిన నారే,
అయినా వేళ్ళకి జిగురు.